రెండు రాగి పరమాణువుల మధ్య

2025 రసాయన శాస్త్ర నోబెల్ ప్రకటించిన రోజు ముగ్గురి పేర్లు చదువుతూ రెండో పేరు దగ్గర ఆగిపోయాను. సుసుము కితగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాగీ. లోపల ఖాళీ గదులుండే లోహ-సేంద్రియ చట్రాలకు వచ్చిన బహుమతి అది. ఇప్పుడు అందరికీ రాబ్సన్ అంటే ఆ చట్రాలే గుర్తొస్తాయి. నాకు ఆ పేరు వేరే చోట పరిచయం. 1970లో ఆయన ఒకే అణువులో రెండు లోహ అయాన్లను పక్కపక్కన కూర్చోబెట్టే లిగాండ్లు, అంటే లోహాన్ని పట్టి ఉంచే అణువులు, చేశాడు. ఫీనాల్ వలయానికి అటొక ఆల్డిహైడు, ఇటొక ఆల్డిహైడు. వాటికి ఎమీన్లు తగిలిస్తే, మధ్యలోని ఆక్సిజన్‌ను పంచుకుంటూ రెండు లోహాలు లోపల ఇమిడిపోతాయి. నా పీహెచ్‌డీ మొత్తం ఆ ఆల్డిహైడు మీదే నడిచింది. ల్యాబ్‌లో దాన్ని డీఎఫ్‌పీ అనేవాళ్లం. లేత పసుపు సూదుల్లా స్ఫటికమయ్యేది. దాన్ని తయారుచేయడం చేతనైతే సగం పీహెచ్‌డీ అయిపోయినట్టేనని సీనియర్లు అనేవారు.

ఆ పేరు చూశాక అప్పటి సంవత్సరాలన్నీ ఒక్కసారిగా ముందుకొచ్చాయి. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు మేం చేసిన పనేమిటో చెప్పాలి. ఎంజైముల్లో మూడో వంతుకు పైగా ఏదో ఒక లోహం లేకుండా పనిచేయవని అంచనా. రాగి, ఇనుము, జింకు, మాంగనీసు, కోబాల్టు, నికెలు, మాలిబ్డినం. ప్రోటీన్ వేల పరమాణువుల పెద్ద ముడి. అసలు చర్య మాత్రం లోహం చుట్టూ ఉన్న చిన్న జాగాలో జరిగిపోతుంది. అక్కడ లోహాన్ని పట్టి ఉంచేవి ఎక్కువగా హిస్టిడీన్‌లోని నైట్రోజన్లు, ఆస్పార్టేట్, గ్లుటమేట్‌లలోని ఆక్సిజన్లు, సిస్టీన్‌లోని గంధకం. ప్రోటీన్‌ను పక్కనబెట్టి, అలాంటి నైట్రోజన్లూ ఆక్సిజన్లూ ఉన్న చిన్న అణువును మనమే కట్టి, అందులో లోహాన్ని కూర్చోబెడితే అది ఎంజైము పని చేస్తుందా? చేస్తే ఎంతవరకు చేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది? ఇదే మా వృత్తి. వీటిని మోడల్ కాంప్లెక్సులు అంటాం.

చేరిన కొత్తలో మా గైడ్ మేడం కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ కథతో మొదలుపెట్టారు. ఎర్ర రక్తకణాల్లో ఉండే ఎంజైము అది. కార్బన్ డయాక్సైడ్‌కు నీటిని చేర్చి బైకార్బొనేట్ చేస్తుంది. చురుకైన రకంలో ఒక్కో అణువు సెకనుకు పది లక్షల సార్లు ఆ పని చేయగలదు. లోపల ఉన్నది ఒకే ఒక్క జింకు అయాను. మూడు హిస్టిడీన్లు దాన్ని పట్టుకుని ఉంటాయి, నాలుగో చోట ఒక నీటి అణువు.

"మన కాంప్లెక్స్‌కి అంత వేగం ఎప్పటికైనా వస్తుందా మేడం?" అని అడిగాను.

"వేగం కోసం అయితే ఎంజైమే ఉందిగా, మనమెందుకు? కాంప్లెక్స్ చేసేది దాన్ని ఏదో ఒకటి అడగడానికి. నువ్వు ఏం అడగదలుచుకున్నావో ఒక పేజీలో రాసి తీసుకురా. ఫ్లాస్కు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

ఏం అడగడమంటే ఏమిటో అప్పుడు నాకు అంతుపట్టలేదు. దానికి ఆవిడ చూపించిన ఉదాహరణ కిమురా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త పని. నీళ్లలో విడిగా ఉన్న జింకు అయానుకు అంటుకున్న నీటి అణువు ప్రోటాన్‌ను వదలాలంటే పీహెచ్ 9 దాకా వెళ్లాలి. ఎంజైములో అదే నీరు పీహెచ్ 7 దగ్గరే వదిలేస్తుంది. అంటే రక్తంలోని పరిస్థితుల్లోనే జింకు మీద హైడ్రాక్సైడ్ సిద్ధంగా ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ రాగానే దాని మీద పడుతుంది. ఈ తేడా ప్రోటీన్ మహిమా, లేక జింకు చుట్టూ ఉన్న మూడు నైట్రోజన్లదా? ఎంజైమును ఎంత పరీక్షించినా ఈ రెండింటినీ విడదీయలేం. కిమురా బృందం పన్నెండు పరమాణువుల వలయంలో మూడు నైట్రోజన్లు పెట్టి, మధ్యలో జింకును ఉంచి కొలిచింది. 7.3 వచ్చింది. ప్రోటీన్ లేకుండానే! కాబట్టి ఆ పనిలో పెద్ద వాటా మూడు నైట్రోజన్లదే. ఒక ప్రశ్న అడిగారు, సూటిగా జవాబు వచ్చింది. 1990 నాటి ఆ పేపరు చదివిన రాత్రి ఈ రంగం మీద నాకు పట్టుకున్న ఇష్టం ఇప్పటికీ తగ్గలేదు.

నేను రాసుకెళ్లిన పేజీ రాగి గురించి. కోసి పెట్టిన బంగాళదుంప ముక్క గాలికి నల్లబడుతుంది కదా, ఆ పని చేసే రాగి ఎంజైముల కుటుంబంలోదే కాటెకాల్ ఆక్సిడేజ్. పక్కపక్కన రెండు రాగి అయాన్లు, ఒక్కోదానికి మూడేసి హిస్టిడీన్లు. గాలిలోని ఆక్సిజన్‌ను వాడుకుని కాటెకాల్‌ను క్వినోన్‌గా మారుస్తుంది. చిలగడదుంప నుంచి తీసిన ఈ ఎంజైము నిర్మాణాన్ని 1998లో క్రెబ్స్, సాకెటీని బృందాలు స్ఫటిక పద్ధతిలో తేల్చాయి. రాగులు రెండూ ఆక్సీకరణ స్థితిలో ఉన్నప్పుడు వాటి మధ్య దూరం 2.9 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు). క్షయకరణం చెందితే 4.4కు జరుగుతాయి. పని చేస్తూ దగ్గరికీ దూరానికీ కదిలే జంట అది. నేను అడగదలుచుకున్నది ఇదీ: రాగుల్ని దూరంగా జరగనివ్వకుండా వంతెన వేసి బిగించేస్తే పని జరుగుతుందా, ఆగుతుందా?

మేడం ఆ పేజీని రెండుసార్లు చదివి, చివరి వాక్యం కింద గీత గీసి, "ఇది చాలు" అన్నారు.

ఇక ల్యాబ్. డీఎఫ్‌పీని మిథనాల్‌లో కరిగించి ఎమీన్ చుక్కలు చుక్కలుగా వేస్తుంటే లేత పసుపు ముదిరి నారింజ రంగులోకి దిగేది. ఆల్డిహైడు పోయి ఇమీన్ ఏర్పడుతోందని దాని అర్థం. 1864లో హ్యూగో షిఫ్ కనిపెట్టిన చర్య అది, అలా వచ్చే ఇమీన్‌నే షిఫ్ బేస్ అంటాం. ఈ రంగంలో షిఫ్ బేస్ చేయని విద్యార్థి దొరకడం కష్టం. ఆ నారింజ ద్రావణంలో రాగి లవణం పడిన క్షణాన రంగు ఒక్కసారిగా చిక్కటి ఆకుపచ్చలోకి తిరిగేది. ఎన్నిసార్లు చూసినా నాకు అది కొత్తగానే ఉండేది. ఆ ఆకుపచ్చలో ఒక్కో లిగాండ్‌కు ఒక్కో ఛాయ. నైట్రోజన్లు ఎక్కువైతే నీలం వైపు మొగ్గుతుంది, రాగి చుట్టూ ఆకారం వంగితే మళ్లీ ఇంకోలా మారుతుంది. కొన్నాళ్లకు రంగు చూసి రాగి చుట్టూ ఏముందో ఊహించడం అలవాటైపోయింది. ఇన్‌ఫ్రారెడ్‌లో 1630 పరిసరాల్లో ఇమీన్ గీత కనబడితే ఆ ఊహకు కాస్త బలం వచ్చేది.

పెర్‌క్లోరేట్ లవణాల విషయంలో మాత్రం మేడం చాలా కఠినంగా ఉండేవారు. వాటితో స్ఫటికాలు చక్కగా వస్తాయి, కానీ ఎండిన పొడి రాపిడికి పేలగలదు. కొద్ది కొద్దిగానే చేయాలి, వేడి చేయకూడదు, లోహపు స్పాచులా తాకించకూడదు. ఇప్పటి విద్యార్థులకు నేనూ మొదట చెప్పేది ఇదే. స్ఫటికాలు అందంగా ఉన్నాయి కదా అని గీకవద్దు.

స్ఫటికాల విషయంలో మా ల్యాబ్‌లో అందరికీ దిక్కు ఒక సీనియర్ అక్క. చిన్న సీసాలో కాంప్లెక్స్ ద్రావణం పోసి, దాన్ని ఈథర్ ఉన్న పెద్ద సీసాలో పెట్టి మూత బిగించేది. ఈథర్ ఆవిరి నెమ్మదిగా లోపలికి చేరి స్ఫటికాలను పుట్టిస్తుంది. "రోజూ తీసి చూడొద్దు, కదిలిస్తే పొడి అవుతుంది" అని మమ్మల్ని ఆ అలమర దగ్గరికి రానిచ్చేది కాదు. తల్లి ద్రావణం నుంచి బయటికి తీయగానే కొన్ని స్ఫటికాలు లోపలి ద్రావణిని వదిలేసి బీటలు వారతాయి. అందుకని తీసిన వెంటనే నూనెలో ముంచి, సూక్ష్మదర్శిని కింద మంచిదొకటి ఏరి, సన్నటి పోగు కొసకు అంటించేది. ఆ చెయ్యి వణికేది కాదు. డేటా వచ్చి, నిర్మాణం విప్పాక తెర మీద మొదటిసారి నా రెండు రాగులు పక్కపక్కన కనబడ్డాయి. మధ్యలో ఒక ఫీనాల్ ఆక్సిజన్, ఒక హైడ్రాక్సైడ్, రెండూ వంతెనలై. "అక్కా, ఇవేనా?" అన్నాను. "ఇవే. దూరం చూడు" అంది. మూడు ఆంగ్‌స్ట్రామ్‌లకు కాస్త దిగువన ఉంది. చిలగడదుంప ఎంజైము పక్కన పెట్టదగ్గ దూరం.

పని చేస్తుందో లేదో చూసే పరీక్షకు అందరూ వాడేది అసలు కాటెకాల్ కాదు. రెండు పెద్ద బ్యూటైల్ గుంపులు తగిలించిన డీటీబీసీ. దానికి మంచి కారణమే ఉంది. ఆ గుంపుల వల్ల అది తేలిగ్గా ఆక్సీకరణం చెందుతుంది. ఏర్పడిన క్వినోన్ స్థిరంగా నిలబడుతుంది, మరో చర్యలోకి జారుకోదు. పైగా 400 నానోమీటర్ల దగ్గర అది కాంతిని పీల్చుకునే స్పష్టమైన పట్టీ ఉంటుంది. క్యూవెట్‌లో కాంప్లెక్స్ ద్రావణం తీసుకుని, దానికి నూరు రెట్లు డీటీబీసీ కలిపి, యంత్రంలో పెట్టి, కొద్ది నిమిషాలకొకసారి స్కాన్ చేయడమే. ఒక్కో స్కానుకు 400 దగ్గరి కొండ కొంచెం కొంచెం లేస్తుంది. ఒకదానిపై ఒకటిగా పడే ఆ గీతల బొత్తి ప్రింటులో వస్తుంటే కళ్లు తిప్పుకోవడం నా వల్ల అయ్యేది కాదు. గాలిలోని ఆక్సిజనూ, నేను కట్టిన అణువూ కలిసి నా కళ్లముందే పని చేస్తున్నాయి మరి.

ఆ గీతలను నమ్మడానికి ముందు బ్లాంకులు, అంటే ఏదో ఒకటి తీసేసి పోలిక కోసం చేసే పరీక్షలు, తప్పనిసరి. రాగి లేకుండా, లిగాండ్ లేకుండా, ఉత్త రాగి లవణంతో, క్షారం చుక్క వేసి, వేయకుండా. డీటీబీసీ క్షారంలో తనంతట తానే ఆక్సీకరణం చెందుతుంది, రాగి లవణమూ ఎంతో కొంత చేస్తుంది. ఇవన్నీ తీసేశాక మిగిలిందే మన అణువు పని. బ్లాంకులు లేని పేపర్లు ఈ విషయంలో తక్కువేం లేవు. అలాంటి పట్టికల్లోని అంకెలను ఎంత పెద్దవైనా నేను పక్కన పెట్టేస్తాను.

డీటీబీసీ గాఢత పెంచుకుంటూ పోతే వేగం మొదట పెరిగి తర్వాత చదునవుతుంది. 1913లో మైఖేలిస్, మెంటెన్ ఎంజైములకు రాసిన సమీకరణం మా చిన్న అణువుకూ సరిపోయేది. డీటీబీసీ ముందు రాగులకు అంటుకుంటుంది, ఆ తర్వాతే మారుతుంది అని ఆ వంపు చెబుతోందన్నమాట. అయితే యూనిట్లు చూడాలి. చిలగడదుంప ఎంజైము ఒక్కో అణువు సెకనుకు రెండు వేలకు పైగా కాటెకాల్ అణువులను మారుస్తుంది. మా రంగం పట్టికల్లో లెక్క గంటకు రాస్తాం. గంటకు పదులు, వందలు, బాగా పని చేసేవాటికి వేలు. మొదట్లో ఆ "గంటకు" అన్న మాట నన్ను బాధపెట్టేది. తర్వాత బాధ పోయింది, ఎందుకంటే నా ప్రశ్నకు జవాబు ఆ అంకెలో లేదు, వంతెనలు మార్చినప్పుడు ఆ అంకె ఎటు కదిలిందన్న దాంట్లో ఉంది. హైడ్రాక్సైడ్ వంతెన ఉన్నది పని చేసింది. దాని స్థానంలో గట్టిగా పట్టే ఎసిటేట్ వంతెన పెడితే వేగం బాగా తగ్గింది. వంతెన ఒక చివర వదులై చోటిస్తేనే డీటీబీసీ లోపలికి రాగలదు. అడిగిన దానికి అణువు జవాబు చెప్పింది.

అడగనిదీ చెప్పింది. ఎంజైము ఆక్సిజన్‌ను పూర్తిగా నీటిదాకా తీసుకుపోతుంది. మాది కూడా అంతేనా? చర్య ముగిశాక క్వినోన్‌ను వేరుచేసి, మిగిలిన నీటి భాగానికి ఆమ్లం, అయొడైడ్, కాస్త మాలిబ్డేట్ కలిపి చూడమన్నారు మేడం. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటే అది అయొడైడ్‌ను ట్రైఅయొడైడ్‌గా మారుస్తుంది. 353 నానోమీటర్ల దగ్గర బలమైన పట్టీ లేస్తుంది. లేచింది. క్వినోన్ ఎంత పుట్టిందో పెరాక్సైడూ ఇంచుమించు అంతే. అంటే మా అణువు ఆక్సిజన్‌ను సగం దారిలో వదిలేస్తోంది. చేసే పని ఒకటే, నడిచే దారి వేరు. అది చూసి నేను నీరసపడితే మేడం ముఖం వెలిగిపోయింది. "ఎంజైము ఈ దారిలో ఎందుకు పోవట్లేదో ఇప్పుడు ఆలోచించొచ్చు. ఇది లేకపోతే ఆ ప్రశ్నే పుట్టేది కాదు" అన్నారు. ఆవిడ దగ్గర నేర్చుకున్న వాటిల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా వాడుకున్నది ఆ చూపే.

జత లేని ఎలక్ట్రాన్లను అయస్కాంత క్షేత్రంలో పసిగట్టే ఈపీఆర్ పద్ధతి గురించి చెప్పకపోతే ఆ రోజుల్లో సగం చెప్పనట్టే. రాగి రెండు ప్లస్‌లో జత లేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది. ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి అయస్కాంతంలో పెడితే విడి రాగి నాలుగు గీతల గుర్తు ఇస్తుంది, దాని కేంద్రకపు స్పిన్ 3/2 కాబట్టి. నా జంట కాంప్లెక్స్‌ను పెడితే ఏమీ రాలేదు. ఖాళీ గీత. రెండు ఎలక్ట్రాన్లు వంతెన మీదుగా ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి. ఆ ఖాళీ గీతే జంట చెక్కుచెదరలేదనడానికి సాక్ష్యం. ఆమ్లం కొంచెం కొంచెం కలుపుతూ పోతే నాలుగు గీతలు మెల్లగా తలెత్తేవి, వంతెన తెగి రాగులు విడిపోతున్నాయని. హైడ్రాక్సైడ్ వంతెనలు రెండున్న రాగి జంటల్లో వంతెన కోణం 97.5 డిగ్రీలు దాటితే ఎలక్ట్రాన్లు ఎదురెదురు దిశల్లో జతపడతాయని, అంతకు తగ్గితే ఒకే దిశలో నిలుస్తాయని హాట్‌ఫీల్డ్, హాడ్జ్‌సన్ 1976లో చూపించారు. ఒక కోణం కొలిచి అయస్కాంత గుణం చెప్పేయవచ్చన్న మాట! రసాయన శాస్త్రంలో ఇంత పొందికైన సంబంధాలు నాకు ఎక్కువగా తగల్లేదు.

మా శుక్రవారం సెమినార్లలో నాకు బాగా గుర్తుండిపోయింది సీనియర్ అక్క చెప్పిన హీమోసయనిన్ కథ. పీతలు, తేళ్లు, నత్తలు, ఆక్టోపస్‌ల వంటి జీవుల్లో ఆక్సిజన్‌ను మోసే రాగి ప్రోటీన్ అది. ఆక్సిజన్ లేనప్పుడు రంగు ఉండదు, పట్టుకోగానే నీలమవుతుంది. ఇక్కడా రెండు రాగులే, ఆరు హిస్టిడీన్లే. ఆక్సిజన్ ఆ రెండింటి మధ్య ఎలా కూర్చుంటుందన్నది చాలాకాలం తేలలేదు. 345 నానోమీటర్ల దగ్గర చాలా బలమైన పట్టీ, రామన్ వర్ణపటంలో ఆక్సిజన్-ఆక్సిజన్ బంధానికి 750 చుట్టుపక్కల, పెరాక్సైడుకు తక్కువే అనిపించే అంకె, పైగా ఈపీఆర్‌లో నిశ్శబ్దం. ఈ మూడూ ఒకేసారి ఇచ్చే అమరిక ఏమిటి? రెండు రాగులకూ చెరో ఆక్సిజన్ అంటుకుని, ఇంకో హైడ్రాక్సైడ్ వంతెన కూడా ఉంటుందన్న ఊహకే ఎక్కువ మంది మొగ్గారు. 1988లో కార్లిన్ బృందం రాగి-ఆక్సిజన్ జంట కాంప్లెక్స్‌కు మొదటిసారి స్ఫటిక నిర్మాణం సాధించింది. చాలా పెద్ద విజయం. కానీ దాని రంగు ఊదా, అంకెలు హీమోసయనిన్‌తో కలవలేదు.

1989లో కితజిమా బృందం ట్రైపైరజోలిల్ బోరేట్ లిగాండ్‌ను తీసుకుంది. 1966లో ట్రోఫిమెంకో మొదలుపెట్టిన కుటుంబం అది. మూడు నైట్రోజన్లతో లోహాన్ని ఒక వైపు నుంచి పట్టుకుంటుంది, అచ్చం మూడు హిస్టిడీన్ల మాదిరి. దానికి చుట్టూ లావు ఐసోప్రొపైల్ గుంపులు తగిలించి, చలిలో రాగి-ఆక్సిజన్ కాంప్లెక్స్‌ను స్ఫటికంగా పట్టారు. ఆక్సిజన్ అణువు రెండు రాగుల మధ్య అడ్డంగా పడుకుని ఉంది. రెండు ఆక్సిజన్లూ రెండు రాగులకూ అంటుకుని ఉన్నాయి. రాగుల మధ్య దూరం 3.56 ఆంగ్‌స్ట్రామ్‌లు. పట్టీ 349 దగ్గర, రామన్ గీత 741 దగ్గర. అన్నీ హీమోసయనిన్ అంకెలకు పక్కనే పడ్డాయి. ప్రోటీన్‌లోనూ ఇలాగే ఉండి ఉండాలని వాళ్లు రాశారు. ఆ తర్వాత 1994లో గుర్రపునాడా పీత హీమోసయనిన్ నిర్మాణం ఆక్సిజన్‌తో సహా అచ్చయింది. ఆక్సిజన్ అడ్డంగానే పడుకుని ఉంది, రాగుల మధ్య దూరం 3.6.

అక్క ఆ రెండు బొమ్మలనూ ఒకే స్లైడు మీద పక్కపక్కన పెట్టింది. ఎడమవైపు ఫ్లాస్కులో పుట్టింది, కుడివైపు పీత రక్తంలోది. గదిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు. ప్రోటీన్ జవాబు రాకముందే చిన్న అణువు నిజం చెప్పేసిందంటే ఈ పని ఎందుకు చేస్తారని ఎవరడిగినా నాకు వేరే సమాధానం అక్కర్లేదు.

ఆ కథ అక్కడితో ఆగలేదు. 1996లో టోల్మన్ బృందం చూపించిన దాన్ని నేను అప్పట్లో పదే పదే చదివాను. మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ద్రావణి మారిస్తే చాలు, ఈ పక్కవాటు పెరాక్సైడు తనలోని ఆక్సిజన్-ఆక్సిజన్ బంధాన్ని తెంచుకుని రెండు విడి ఆక్సిజన్ వంతెనలుగా మారుతుంది, మళ్లీ వెనక్కీ వస్తుంది. గట్టి బంధం తెగడం, తిరిగి కట్టుకోవడం ఇంత సులువా అని ఆశ్చర్యపోయాను.

జింకు పని చేసే మా ల్యాబ్‌మేట్ కష్టం మాత్రం వేరు. జింకుకు నోరు లేదు. రంగు లేదు, ఈపీఆర్ లేదు. అందుకని దాని స్థానంలో కోబాల్టు పెట్టేవాడు. కోబాల్టు నలుగురు పొరుగువాళ్లతో ఉంటే చిక్కటి నీలం, ఆరుగురైతే లేత గులాబీ, కాబట్టి లోపల ఏం జరుగుతోందో రంగే చెప్పేస్తుంది. అసలు ఎంజైములోనూ జింకు తీసి కోబాల్టు పెడితే పని పెద్దగా చెడదు.

లోహాలు ఇలా దాక్కోవడం ఈ శాస్త్రమంతా ఉంది. 1926లో సమ్నర్ యూరియేజ్‌ను స్ఫటికంగా తీసి ఎంజైములు ప్రోటీన్లేనని చూపించాడు, ఆ పని మీదే 1946లో నోబెల్ వచ్చింది. ఆ స్ఫటికాల్లో నికెలు ఉందని తెలిసింది 1975లో. రక్తంలోని ఒక రాగి ప్రోటీన్ 1938 నుంచి తెలుసు, అది ఎందుకుందో మాత్రం ఎవరికీ తెలియదు. 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడొవిచ్ దాని పని సూపరాక్సైడ్‌ను విడగొట్టడమని కనుక్కున్నారు. ఆ ఎంజైముకు చేసిన మాంగనీసు మోడళ్లు తర్వాత మందుల పరీక్షల దాకా వెళ్లాయి.

మోడళ్లన్నీ నెమ్మదే అనుకోవద్దు. 2011లో డుబోయ్ బృందం నికెలు కాంప్లెక్స్ ఒకటి సెకనుకు లక్షకు పైగా హైడ్రోజన్ అణువులను పుట్టించింది. హైడ్రోజనేజ్ ఎంజైములో లోహం పక్కనే ప్రోటాన్లను అందించే ఎమీన్ ఉంటుందన్న ఆలోచనను తీసుకుని, లిగాండ్‌లోనే ఎమీన్లను వేలాడదీశారు. అయితే దానికి పెట్టాల్సిన విద్యుత్ ఒత్తిడి ఎంజైముకంటే ఎక్కువ. అంతకు చాలా ముందే, 1970లలో, కాల్‌మన్ పార్ఫిరిన్ వలయం (హీమోగ్లోబిన్‌లో ఇనుమును పట్టి ఉంచే రకం వలయం) మీద నాలుగు స్తంభాలు నిలబెట్టి, లోపలి ఇనుము ఆక్సిజన్‌ను పట్టుకుని వదిలేలా చేశాడు. స్తంభాలు లేకపోతే రెండు ఇనుములు ఒక ఆక్సిజన్‌ను మధ్యలో ఇరికించుకుని తుప్పులా అయిపోతాయి. హీమోగ్లోబిన్‌లో ఆ కాపలా ప్రోటీన్‌దే. లోహాన్ని పట్టుకునేవే కాక, తాకకుండా చుట్టూ ఉన్నవీ లెక్కలోకి వస్తాయని ఈ రెండు పనులే నాకు నేర్పాయి. నేను ఆ సంగతిని నా లిగాండ్లలోకి తెచ్చేసరికి పీహెచ్‌డీ చివరికొచ్చింది.

వైవాలో పరీక్షకుడు "మీ అణువు ఎంజైము కంటే ఎన్ని రెట్లు నెమ్మది?" అని అడిగారు. లెక్క చెప్పాను. "మరి మిగిలిన వేగం ఎక్కడుంది?" అన్నారు. రాగులు కదలడంలో, ప్రోటాన్లు సమయానికి అందడంలో, పెరాక్సైడు బయటికి జారిపోకుండా జేబులో నిలవడంలో ఉండొచ్చని, మొదటిదానికి నా దగ్గర డేటా ఉందని, మిగతా రెండింటికి లేదని చెప్పాను. మేడం వెనక వరసలో కూర్చుని తలూపుతున్నారు. ఆవిడ ఈమధ్యే రిటైరయ్యారు. ఇప్పటికీ మెయిల్ రాస్తే చివర్లో "ఏం అడుగుతున్నావు ఇప్పుడు?" అనే ఉంటుంది.

నేను బెంచ్ దగ్గర నిలబడి చాలాకాలమైంది, పాఠాలు చెప్పడంలోనే రోజు గడిచిపోతోంది. కానీ చదవడం మానలేదు. ఈ మధ్య మనసంతా ఎల్‌పీఎంఓల మీదే ఉంది. సెల్యులోజ్, కైటిన్ లాంటి మొండి గొలుసులను తెంచే ఎంజైములు అవి. 2011లో వాటిలో రాగి ఉందని తేలింది, అదీ ఒక్కటే రాగి. ప్రోటీన్ గొలుసులో మొట్టమొదటిదైన హిస్టిడీన్ తన ఇమిడజోల్ వలయంతోనూ, గొలుసు మొదట్లో ఉండే ఎమీన్‌తోనూ రాగిని పట్టుకుంటుంది, ఎదురుగా ఇంకో హిస్టిడీన్ నైట్రోజన్. ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో మూడు నైట్రోజన్లు. జీవితంలో మంచి సంవత్సరాలన్నీ రెండు రాగుల మధ్య గడిపిన నాకు ఈ ఒంటరి రాగి నమ్మశక్యం కానంత బలంగా కనబడింది. దీన్ని నడిపేది ఆక్సిజన్ కంటే హైడ్రోజన్ పెరాక్సైడేనని 2017లో ఒక బృందం వాదించింది. అది చదవగానే 353 నానోమీటర్ల పట్టీ గుర్తొచ్చింది. మా అణువు సగం దారిలో వదిలేసిన ఆ పెరాక్సైడు, ఇంకో రాగికి ముడిసరుకు అయి ఉండొచ్చు కదా?

మేడంకు రాసిన చివరి మెయిల్‌లో ఈ ప్రశ్నే పెట్టాను. ఒకే ద్రావణంలో రెండు అణువులు: పాత డీఎఫ్‌పీ జంట రాగి పెరాక్సైడు పుట్టించేందుకు, టీ ఆకారపు ఒంటి రాగి దాన్ని వాడుకునేందుకు. బ్లాంకుల జాబితా కూడా జత చేశాను. ఆవిడ జాబితాలో ఇంకో రెండు చేర్చి పంపారు. ఒకటి, రాగి లేని టీ లిగాండ్‌తో. రెండోది, పెరాక్సైడును బయటి నుంచి సిరంజితో నెమ్మదిగా ఎక్కిస్తూ, జంట రాగి లేకుండా. ఇప్పుడు నా దగ్గర చేరిన విద్యార్థిని ఒకరు ఆ టీ లిగాండ్ తయారీ మొదలుపెట్టింది.